అతుకుల బొంత

పొందిక లేని రచనను, నిలకడ లేని సంకీర్ణ ప్రభుత్వాన్ని, నలుగురి మాటలు ఏరి తెచ్చి చేసిన ఉపన్యాసాన్ని 'అతుకుల బొంత' అని ఈసడించడం తెలుగువారికి అలవాటు. ఈ మాటలో బొంతకు తీరని అన్యాయం జరిగింది. రంగూ వయసూ పుట్టుకా వేరువేరైన ముక్కలను ఒక్కచోట చేర్చి, ఏళ్ళ తరబడి విడిపోకుండా నిలిపే నేర్పు బొంతది. అతుకు నిలవకపోతే దానిని ఎవరూ కప్పుకోరు. ఇంట్లోని పసివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్క బొంత కుట్టి చూసినవారు ఈ జాతీయాన్ని మరొకసారి వాడేముందు తప్పక ఆలోచిస్తారు.

బొంతను సంస్కృతంలో 'కంథ' అంటారు. సర్వసంగ పరిత్యాగులైన యోగులు, భిక్షువులు పారవేసిన గుడ్డపీలికలను కుట్టుకొని ధరించేవారు. బుద్ధుడు మగధ దేశంలో గట్లతో విభజింపబడిన వరిమళ్ళను ఆనందునికి చూపి, భిక్షువుల చీవరాన్ని ఆ తీరుగా ముక్కలు కలిపి కుట్టుమన్నాడని వినయపిటకం చెబుతుంది. పొలాల అమరికను బట్టపైకి తెచ్చిన ఆ ఆలోచన నేటికీ బౌద్ధభిక్షువుల వస్త్రాలలో కనిపిస్తుంది. వంగదేశంలో 'కాంథా' గృహిణుల కళగా వికసించింది. పాత చీరల అంచులనుండి లాగిన రంగుపోగులతోనే వారు బొంతలపై చిత్రాలు కుట్టేవారు. జసీముద్దీన్ 1929లో వెలువరించిన 'నక్షీ కాంథార్ మాఠ్' కావ్యంలో నాయిక తన బ్రతుకుకథనంతా ఒక బొంతపై కుట్టుకుంటుంది.

తెలుగునాట బొంతకు మూలద్రవ్యం పాత చీర. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరను నేలపై పరచి, దానిమీద చిరిగిన పంచెలు, దుప్పట్లు పొరలుగా వేసి, పైన మరొక చీర కప్పి, నాలుగంచులూ లోపలికి మడిచి, వరుసవరుసగా కుట్టుకుంటూ పోయేవారు. పొరలు మందమైతే సూదికి బదులు దబ్బనం పట్టేవారు. పుట్టిన బిడ్డకు పొత్తిళ్ళుగా పాతబట్టనే వాడడానికి పేదరికం ఒక్కటే కారణమనుకోరాదు. కొత్తబట్టలోని గంజి, గరుకుదనం పసిచర్మానికి ఒరిపిడి కలిగిస్తాయన్న ఎరుక ఆ అలవాటు వెనుక ఉన్నది.

ఈనాడు అంగడిలో పాలియెస్టర్ దుప్పటి చౌకగా దొరుకుతున్నది. అటువంటప్పుడు బొంత కుట్టడమెందుకు, అందునా చేతికి సూది సరిగా అలవడని పిల్లలతో కుట్టించడమెందుకు అనే ప్రశ్న సహజం. చలికి కప్పుకోవడమే ప్రయోజనమైతే ఆ ప్రశ్నకు జవాబు లేదు. కాని పిల్లల చేత చేయించే పనికి ఫలితం వస్తువులో కొంత, పని జరిగే తీరులో కొంత ఉంటుంది. ఆ తీరును కొంచెం నిదానంగా పరిశీలించాలి.

ఎనిమిది తొమ్మిదేళ్ళ వయసున్న బిడ్డ కప్పుకోవడానికి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న బొంత చాలు. ఆరంగుళాల చదరాలుగా లెక్కిస్తే అడ్డానికి ఆరు, నిలువుకు ఎనిమిది, మొత్తం 48 ముక్కలు. పిల్లలు చేసే మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఆరంగుళాలు కావాలి కనుక ఆరంగుళాలే కత్తిరిస్తారు. ప్రతి అంచునా అర అంగుళం కుట్టులోకి పోతుంది. ఆ విధంగా కత్తిరించిన ముక్క కుట్టిన పిదప ఐదంగుళాలే మిగులుతుంది. బొంత మొత్తం మీద వెడల్పులో ఆరంగుళాలు, పొడవులో ఎనిమిదంగుళాలు తగ్గిపోతాయి. కలిసి ఉండాలంటే ప్రతి ముక్కా తనలో కొంత కుట్టుకు వదులుకోవాలన్న సంగతి పిల్లలకు ఎవరూ ఉపన్యసించనక్కరలేదు. ఏడంగుళాలుగా కత్తిరించినప్పుడు లెక్క సరిపోవడం చూసి వారే గ్రహిస్తారు.

బట్ట కూడా తన పాఠం తాను చెబుతుంది. పడుగు పేకల వెంట కత్తిరించిన ముక్క లాగినా నిలకడగా ఉంటుంది, ఏటవాలుగా కత్తిరించినది సాగిపోతుంది. కొత్త నూలుబట్ట తొలి ఉతుకులో కుదించుకుపోతుంది, ముదురు రంగు పక్కబట్టకు అంటుతుంది. అందుచేత కొత్తముక్కలను ముందే తడిపి ఆరవేయాలి. పట్టుముక్క, నూలుముక్క పక్కపక్కన పడితే ఒకటి అరిగిపోయిన తరువాత కూడా మరొకటి గట్టిగానే ఉంటుంది. సమాన బలం గల బట్టలను ఏరుకోవడం ఎందుకు అవసరమో అప్పుడు తెలుస్తుంది. చేనేత వస్త్రం గురించి పుస్తకంలో చదివిన విద్యార్థికీ, పోగును వేలితో తడిమి చూసిన విద్యార్థికీ గల తేడా పరీక్షపత్రంలో కనిపించకపోవచ్చు. బట్ట కొనే సమయంలో మాత్రం తప్పక కనిపిస్తుంది.

ముక్కలన్నీ నేలపై పరచి రంగులు కూర్చుకొనే ఘట్టం పిల్లలకు అత్యంత ప్రియమైనది. ఎరుపు పక్కన ఎరుపు రాకూడదని ఒక నియమం పెట్టుకొంటే చాలు, గంటసేపు ముక్కలను అటూ ఇటూ మారుస్తూనే ఉంటారు. ఇంటి చరిత్ర బయటపడే సమయం కూడా ఇదే. "అమ్మమ్మా, ఈ పచ్చముక్క ఎక్కడిది?" అని మనుమడు అడుగుతాడు. "మీ అమ్మ బడికి వేసుకెళ్ళిన పరికిణీదిరా" అని ఆమె చెబుతుంది. తల్లి కూడా ఒకనాడు బడికి వెళ్ళిన చిన్నపిల్ల అన్న సంగతి ఆ పిల్లవానికి అంతవరకు తట్టి ఉండదు. చనిపోయిన తాతగారి పంచె అంచు, పెళ్ళి చేసుకొని దూరదేశం వెళ్ళిన పిన్ని ఓణీ, తాను చిన్నప్పుడు తొడిగి విడిచిన చొక్కా ఒకే వరుసలో చేరతాయి. ఫొటోల ఆల్బం అలమరలో ఉండిపోతుంది. బొంత ప్రతి రాత్రీ చేతికి తగులుతుంది.

ఆ తరువాత అసలు కుట్టుపని. ఆరేసి ముక్కల వరుసలు ఎనిమిది. వరుసకు ఐదు చొప్పున నలభై చిన్న అతుకులు, వరుసలను కలిపే ఏడు పొడవైన అతుకులు వేయాలి. వారానికి ఐదు చిన్న అతుకులు వేసినా అవి పూర్తి కావడానికే రెండు నెలలు పడుతుంది. అడిగిన వెంటనే బొమ్మ కనిపించే తెరలకు అలవాటుపడిన కాలంలో రెండు నెలలపాటు ఒకే పనికి మళ్ళీ మళ్ళీ వచ్చి కూర్చోవడం చిన్న సంగతి కాదు. ఓపికను గురించి నీతిపద్యాలు వల్లె వేయించడం సులభం. ఓపిక అవసరమయ్యే పని చేతికి ఇచ్చి, పక్కన కూర్చోవడం కష్టం.

ఆ కష్టం ప్రధానంగా పెద్దవారిదే. పిల్లవాడు వేసిన కుట్లు వంకరటింకరగా పోతాయి. ఒకటి ఆవగింజంత, మరొకటి చింతగింజంత. అతడు నిద్రపోయిన తరువాత వాటిని విప్పి తీర్చిదిద్దాలన్న కోరిక పెద్దవారికి సహజంగా కలుగుతుంది. ఆ పని చేయరాదు. తెల్లవారి లేచిన పిల్లవాడు తన కుట్టును గుర్తుపట్టలేకపోతే, ఈ పని తనది కాదని తేల్చుకొంటాడు. మళ్ళీ సూది పట్టడు. అలాగని ప్రతి కుట్టునూ మెచ్చుకోవడం కూడా తప్పే. కుట్ల నడుమ సందులో చిటికెనవేలు దూరితే ఆ అతుకు నిలవదు. కప్పుకొన్నప్పుడు కాలివేళ్ళు తగిలి చీలిపోతుంది. అటువంటి అతుకును పిల్లవాని చేతనే విప్పించి, పిల్లవాని చేతనే మళ్ళీ వేయించాలి. వంకరగా ఉన్నా గట్టిగా ఉన్న అతుకును ఉన్నదున్నట్లు వదిలివేయాలి. అందానికి సంబంధించిన లోపమేదో, ప్రయోజనాన్ని చెరిచే లోపమేదో విడదీసి చూడగలగడం విద్యలో ముఖ్యమైన భాగం. ఎర్రసిరా దిద్దుబాట్లలో తరచుగా మరుగునపడే వివేకం అదే.

బొంతను గురించి మాట్లాడేటప్పుడు గతాన్ని బంగారుమయం చేసి చూపడం కూడా తగదు. వెనుకటి బొంతలలో అధికభాగం లేమిలో పుట్టినవి. పగలంతా పొలంలో, వంటింట్లో శ్రమించిన స్త్రీ దీపపు వెలుతురులో వంగి కుట్టినవి. ఆ శ్రమకు వెల కట్టినవారు లేరు, మెచ్చినవారు తక్కువ. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉన్నది. అక్కడి నల్లజాతి స్త్రీలు బానిసలుగా బ్రతికిన వారి సంతతి. వారు అరిగిపోయిన పనిదుస్తులతో తరతరాలుగా బొంతలు కుట్టుకొన్నారు. కూతుళ్ళు తల్లుల పక్కన కూర్చొని నేర్చుకొన్నారు. ఆ బొంతలు 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ నగరాల ప్రదర్శనశాలల గోడలకెక్కాయి. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి చిత్రాలతో బిళ్ళలు విడుదల చేసింది. లోకం మెచ్చడానికి చాలాకాలం పట్టింది. ఆ బొంతలలోని నేర్పు మాత్రం మొదటినుండీ ఉన్నదే.

స్త్రీల పని అన్న ముద్ర కారణంగా కుట్టుపని బాలురకు దూరమయింది. ఇది విడ్డూరమైన ముద్ర. అదే సూదితో అంగడిలో కూర్చొని కూలి సంపాదించేవారిలో పురుషులు ఎందరో ఉన్నారు. జీతం వచ్చేచోట పురుషుని వృత్తిగా, జీతం లేనిచోట స్త్రీ విధిగా ఒకే పని రెండు పేర్లు పొందింది. చెల్లెలితో పాటు అన్న కూడా ఇంట్లో సూది పట్టిననాడు ఈ వింత భేదం కొంతైనా సడలుతుంది. తన చొక్కా గుండీ ఊడితే తల్లికోసం ఎదురుచూడని యువకుడు ఆ ఇంటికి లాభమే.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసమావేశంలో గాంధీజీ చేతిపని ద్వారా విద్య నేర్పాలని ప్రతిపాదించారు. జాకీర్ హుసేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దానికి పాఠ్యప్రణాళిక రూపొందించింది. అది బేసిక్ విద్యగా కొన్నాళ్ళు నడిచి క్షీణించింది. కాలక్రమంలో చేతిపనుల పీరియడు అనేక పాఠశాలల్లో లెక్కల పీరియడుగా మారిపోయింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు గల విద్యార్థులకు పుస్తకాల సంచి లేని పది రోజులు కేటాయించి, వడ్రంగులు, కుమ్మరులు మొదలైన స్థానిక వృత్తికారుల వద్ద పని నేర్వాలని సూచించింది. ఆలోచన మంచిదే. అయితే పది రోజుల్లో పనిని చూడవచ్చు గాని పని చేతికి అలవడదు. వారానికి ఒక్క గంట చొప్పున ఏడాది పొడవునా ఇచ్చినప్పుడే ఒక తరగతి పిల్లలందరూ కలిసి ఒక బొంతనైనా పూర్తి చేయగలరు. వేరువేరు ఇళ్ళనుండి తెచ్చిన ముక్కలు ఆ బొంతలో పక్కపక్కన చేరతాయి. ఏ ముక్క ఎవరి ఇంటిదో పిల్లలకు తెలుసు, ఏ అతుకు ఎవరు వేశారో కూడా తెలుసు.

పాఠశాల అందుకు పూనుకొనేదాకా ఇల్లు ఆగవలసిన పనిలేదు. నాలుగు పాత చీరలు, ఒక కత్తెర, రెండు సూదులు, దారపు ఉండ, ఒక అడుగుబద్ద చాలు. ఇవి లేని ఇల్లు అరుదు. వీటికి తోడుగా ఆదివారం నాడు ఒక గంట తీరిక చేసుకొనే పెద్దవారు ఒకరు కావాలి. కొరత ఉన్నది అక్కడే.