హక్కు ఎప్పుడు చెప్తారు సాబ్?

"జరా ఆవ్, పూఛ్‌నా హై." మా గల్లీల్లో రాజ్యాంగం ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది. అర్ధరాత్రి తలుపు తట్టినవాళ్లు అరెస్టు అనరు. ఎంక్వైరీ అంటారు. పొద్దున్నే పంపించేస్తామంటారు. "ఎక్కడికి సాబ్?" అని అమ్మీ గుమ్మంలో నిలబడి అడుగుతుంది. జవాబుండదు. జీపు కదిలిపోతుంది.

22వ అధికరణం మాకూ తెలుసు. అరెస్టయినవాడికి కారణం వెంటనే చెప్పాలి. తనకిష్టమైన వకీలుతో మాట్లాడనివ్వాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇంకా విడమరిచి చెప్పింది. అరెస్టు తేదీ, టైము కాగితం మీద రాయాలి. ఇంటివాళ్లో, బస్తీ పెద్దమనిషో సాక్షి సంతకం చెయ్యాలి. తనవాళ్లకు కబురు పంపే హక్కు ఉందని అరెస్టయినవాడికే చెప్పాలి.

ఇన్ని హక్కుల్నీ అరెస్టు అనే ఒక్క మాటకు కట్టేశారు. ఆ మాట ఎప్పుడు రాయాలన్నది మాత్రం పోలీసు చేతిలో ఉంది. తీసుకెళ్లింది సోమవారం, కాగితం మీద అరెస్టు గురువారం. నడుమ మూడు రోజులు మేమెవరం? నిందితులం కాదు, సాక్షులం కాదు. ఏ రికార్డులోనూ లేని మనుషులం. దెబ్బలన్నీ ఆ మూడు రోజుల్లోనే పడతాయి.

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వెళ్లి చచ్చిపోయింది మావాళ్లే. ఆ తర్వాత పోలీసులు పట్టుకెళ్లిందీ మావాళ్లనే. కళ్లకు గంతలు కట్టి ఎక్కడెక్కడికో తిప్పారని, హింసించారని, రోజులు గడిచాక అరెస్టు చూపించారని ఆ కుర్రాళ్లు చెప్పారు. కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. ప్రభుత్వం ఇచ్చిన పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టేసింది. లెక్కకే రాని ఆ రోజులకు జవాబు చెప్పేవాడు లేడు.

నోరు విప్పకుండా ఉండే హక్కు 20వ అధికరణంలో ఉంది. అమెరికాలో 1966 మిరాండా తీర్పు తర్వాత కస్టడీలో ప్రశ్నించకముందే పోలీసు ఆ సంగతి చెప్పాలి. ఇక్కడ ఒప్పుకోలు రాసుకునేముందు మేజిస్ట్రేటు చెప్తాడు. అప్పటికి ఠాణాలో జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. 1987 టాడా, 2002 పోటా అయితే పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలునే సాక్ష్యంగా చెల్లించాయి. ఆ చట్టాలు పోయాయి. మా ఒంటి మీద వాటి గుర్తులు పోలేదు.

2025 నవంబరులో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. ఏ నేరమైనా సరే, అరెస్టు కారణాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. అప్పటికప్పుడు కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండుకు కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికివ్వాలి. మంచిదే. మాలో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, తెలుగు తప్ప రానివాళ్లున్నారు, ఏ లిపీ చదవలేనివాళ్లున్నారు. వాళ్లకు చదివి వినిపించేదెవరు? పైగా ఆ రెండు గంటలు కూడా రిమాండు నుంచి వెనక్కి లెక్కపెట్టినవే. జీపెక్కించిన ఘడియ నుంచి కాదు.

"తప్పు చెయ్యకపోతే భయమెందుకు?" అని అడిగే సెక్యులర్ మిత్రులారా, మీ అబ్బాయిని తీసుకెళితే మీరు ముందు వకీలుకు ఫోన్ చేస్తారు. మేము లీడర్ ఇంటికి పరిగెడతాం. మీకు హక్కు, మాకు సిఫారసు. ఈ తేడా మీకెప్పుడైనా కనిపించిందా?

మా లీడర్లకూ ఒక మాట. ఠాణాకు ఫోన్ చేసి ఒక్క కుర్రాణ్ణి విడిపించి ఐదేళ్లు ఓట్లడుగుతారు. చట్టంగా రావాల్సినదాన్ని మీ మెహర్బానీగా పంచుతారు. ఏ జుమ్మా రోజైనా మసీదు బయట 22వ అధికరణాన్ని ఉర్దూలో, తెలుగులో అచ్చేసి పంచారా? హక్కు తెలిసినవాడు మీ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడడని మీకు భయం.

మేమడిగేది ఒక్కటే. భుజమ్మీద చెయ్యి పడ్డ నిమిషం నుంచే గడియారం తిరగాలి. కారణం, వకీలు, మౌనం, ఇంటికి కబురు... ఈ నాలుగూ గుమ్మంలోనే చెప్పాలి, అమ్మీకి వినిపించేలా చెప్పాలి. అది ఎంక్వైరీ అయినా సరే, ఇంకే పేరు పెట్టినా సరే.