గేటు బయటివాళ్లు

1997 ఫిబ్రవరి 27న రెనో కంపెనీ బ్రస్సెల్స్ పక్కనున్న విల్వోర్డ్‌లోని కార్ల ఫ్యాక్టరీని మూసేస్తామని ప్రకటించింది. మూడు వేల మందికి పైగా కార్మికులు. పనితనంలో పేరున్న ప్లాంటే. అప్పటి బెల్జియం ప్రధాని డెహానే ఆ ఊళ్లోనే కాపురముండేవారు. ప్రధాని ఊరని కూడా యాజమాన్యం మొహమాటపడలేదు. ఆ కంపెనీలో అందరికంటే పెద్ద వాటా ఫ్రెంచి ప్రభుత్వానిదే కావడం ఇందులో మరో విడ్డూరం. వార్త బయటికి రాగానే షేరు ధర పెరిగింది.

కార్మికులు గేట్ల దగ్గర బైఠాయించారు. తయారై యార్డులో నిలిచిన వేలాది కార్లను బయటికి పోనివ్వలేదు. విల్వోర్డ్ పని తరలిపోయేది ఫ్రాన్సు, స్పెయిన్ ప్లాంట్లకే. అయినా అక్కడి కార్మికులు వాళ్లకు మద్దతుగా కాసేపు యంత్రాలు ఆపారు. పత్రికలు దీనికి ‘యూరో సమ్మె’ అని పేరు పెట్టాయి. ముందుగా సంఘాలను సంప్రదించలేదని బ్రస్సెల్స్ లోనూ ఫ్రాన్సులోనూ కోర్టులు కంపెనీని తప్పుపట్టాయి. జూన్‌లో ఫ్రాన్సులో అధికారానికొచ్చిన జోస్పాన్ ఎన్నికలప్పుడు విల్వోర్డ్ వాళ్లకు ఎంతో ఆశ పెట్టారు. ఫ్యాక్టరీ మాత్రం మూతపడనే పడింది. ఇవాళ మన వీధుల్లో తిరిగే క్విడ్ కారు మీద కనిపించే గుర్తు ఆ కంపెనీదే.

ఏ కంపెనీ అయినా లాభం చూసుకుంటుంది, అందులో వింతేముంది అనవచ్చు. నిజమే. కానీ ఆ రోజుల్లో ఐరోపా సమాఖ్యలోని చాలా దేశాలు ఒకే కరెన్సీ కోసం నడుం బిగించి ఉన్నాయి. 1992లో సంతకాలైన మాస్ట్రిక్ట్ ఒప్పందం ప్రకారం బడ్జెట్ లోటు జీడీపీలో 3 శాతం దాటకూడదు, ప్రభుత్వ అప్పు 60 శాతం మించకూడదు. ద్రవ్యోల్బణానికి, వడ్డీ రేట్లకు, మారకపు విలువకు కూడా కొలతలున్నాయి. నిరుద్యోగానికి మాత్రం ఏ కొలతా లేదు. పని లేనివాళ్లు కోటీ ఎనభై లక్షల దాకా ఉన్న సమాఖ్యలో ఈ మరుపు చిన్నదేమీ కాదు. ఆ లెక్కలకు లోబడటానికి ప్రభుత్వాలు పింఛన్లనూ ఆసుపత్రుల ఖర్చునూ తగ్గించడానికి చూశాయి. 1995 చివరలో ఫ్రాన్సులో రైల్వే కార్మికులు వారాల తరబడి రైళ్లు ఆపేసింది ఇందుకే.

కార్మిక సంఘాలు ఐరోపా ఐక్యతను మొదటినుంచీ ఎదిరించాయనుకుంటే పొరపాటు. 1988లో ఐరోపా కమిషన్ అధ్యక్షుడు జాక్ డెలార్ బోర్న్‌మౌత్‌లో బ్రిటిష్ కార్మిక సంఘాల మహాసభకు వచ్చి, ఒకే మార్కెట్‌తో పాటు కార్మికుల హక్కులూ పెరుగుతాయని చెప్పారు. థాచర్ పాలనలో దెబ్బ మీద దెబ్బ తిన్న ఆ సభికులు ఆయనకు బ్రహ్మరథం పట్టారు. వాళ్ల ఆశను తప్పుపట్టలేం. మార్కెట్ అనుకున్న గడువుకే వచ్చింది. హక్కులే వెనకబడ్డాయి.

అయితే సంఘాలకూ ఒక మాట చెప్పక తప్పదు. 1997 వేసవిలో పని లేనివాళ్లు, కూడూ గూడూ కరువైనవాళ్లు ఐరోపా నలుమూలల నుంచి కాలినడకన ఆమ్‌స్టర్‌డామ్ బయల్దేరారు. జూన్ 14న అక్కడ సుమారు 50,000 మంది పోగయ్యారు. పెద్ద కేంద్ర సంఘాల్లో చాలావరకు ఈ యాత్రకు ఎడంగానే ఉండిపోయాయి. చందా కట్టే సభ్యుడికే సంఘం అండ. ఉద్యోగం పోయినవాడికి చాలా చోట్ల సభ్యత్వ కార్డుతో పాటు ఆ అండా పోతుంది. యాత్ర ముగిసిన వెంటనే అదే ఊళ్లో జరిగిన శిఖరాగ్ర సభలో ఐరోపా నాయకులు ఉపాధి మీద ఒప్పందంలో ఒక అధ్యాయం చేర్చారు. లోటు హద్దు దాటితే జరిమానా అన్నారు, నిరుద్యోగం పెరిగితే సిఫారసు అన్నారు.

సరిహద్దులు చెరిగాక పేదవాడికి పేదవాడే పోటీ అయ్యాడు. 2004లో స్వీడన్‌లోని వాక్స్‌హోమ్‌లో లావల్ అనే లాట్వియా కంపెనీ తన దేశపు కార్మికులతో ఒక బడి పని చేయిస్తోంది. అక్కడి జీతాల ఒప్పందం మీద సంతకం పెట్టమని స్వీడిష్ భవన కార్మికుల సంఘం అడిగింది. కంపెనీ ఒప్పుకోకపోవడంతో పని స్థలాన్ని దిగ్బంధం చేసింది. స్వీడిష్ మేస్త్రీకి అది తన కూలి రేటు నిలబెట్టుకునే పోరాటం. లాట్వియా నుంచి వచ్చినవాడికి అంతకు తగ్గిన కూలి కూడా ఇంటి దగ్గర కలలో దొరకనిది. ఎవరిని తప్పుపడతాం? 2007 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం సంఘానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. చివరికి సంఘమే నష్టపరిహారం కట్టుకోవాల్సి వచ్చింది.

ఇలా కంపెనీ మరో దేశానికి పంపిన కార్మికుడికి అదే చోట, అదే పనికి స్థానికుడితో సమానమైన వేతనం ఇవ్వాలని ఐరోపా సమాఖ్య తన చట్టాన్ని సవరించుకున్నది 2018లో. అది అమల్లోకి వచ్చింది 2020 జూలైలో.