గన్‌ఫౌండ్రీ కబుర్లు: చెక్కు మీద పేరెవరిది?

మా గన్‌ఫౌండ్రీలో ఇప్పుడు ఎవరూ గన్నులు తయారు చెయ్యడం లేదు. నిజాం అలీఖాన్ కొలువులో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని వుండేవాడు. 1786 ప్రాంతంలో ఆయన ఇక్కడ ఫిరంగులు పోతపోయించాడు. జనం దాన్ని "తోప్ కా సాంచా" అన్నారు. ఫిరంగుల పని ఏనాడో పోయింది. పేరు మాత్రం ఆటోవాలాల నోళ్లలో ఇంకా నిక్షేపంలా వుంది.

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ సంగతీ అంతే. దాని ప్రధాన కార్యాలయం మా పేటలోనే వుండేది. 2017 ఏప్రిల్ 1న అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. పెద్దవాళ్లు మాత్రం ఇప్పటికీ "ఎస్‌బీహెచ్‌కి వెళ్లొస్తా" అనే చెప్పి బయల్దేరతారు. పేరుకి వున్న ఆయుష్షు వస్తువుకి లేదండీ!

పేరుకి అంత బలం వుంటే దాన్ని వాడుకునేవాళ్లూ వుంటారు కదా. ఈ వారం కబురు అలాంటి ఒక పేరు గురించే. వోక్స్‌వ్యాగన్!

"సినిమా పత్రికలో కార్ల గొడవేమిటి గురూ?" అని పేజీ తిప్పెయ్యకండి. ఈ కారు సాక్షాత్తూ సినిమా హీరో. 1968లో డిస్నీ వాళ్లు "ది లవ్ బగ్" తీశారు. అందులో హెర్బీ అనే బుల్లికారుకి మనసుంటుంది. అలుగుతుంది, మొండికేస్తుంది, రేసులు గెలుస్తుంది. ఒంటి మీద 53 నంబరు. ఆ హెర్బీయే వోక్స్‌వ్యాగన్ బీటిల్. తాబేలు డిప్పకి నాలుగు చక్రాలు తగిలించినట్టు వుంటుంది. పిక్చర్ బ్రహ్మాండంగా ఆడింది. తర్వాత 1974, 1977, 1980, 2005 సంవత్సరాల్లోనూ హెర్బీ చిత్రాలు వచ్చాయి. మన హీరోల్లో ఎంతమందికి ఇన్ని సీక్వెల్స్ వున్నాయో మీరే లెక్కపెట్టుకోండి!

ఈ హీరోలో ఒక తమాషా వుంది. ముందు బానెట్ ఎత్తితే ఇంజను కనబడదు. సామాన్లు పెట్టుకునే చోటు వుంటుంది. ఇంజను వెనక వుంటుంది. తెలియనివాడు బానెట్ ఎత్తి "అయ్యో, ఇంజనే లేదు" అని గుండె బాదుకోవాల్సిందే. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. చివర్లో పనికొస్తుంది.

★ ★ ★

వోక్స్‌వ్యాగన్ అంటే జర్మన్ భాషలో "ప్రజల కారు" అని అర్థం. పేరు ముచ్చటగానే వుంది. పుట్టుకే ముచ్చటగా లేదు.

1930ల్లో జర్మనీలో కారు డబ్బున్నవాడి సొత్తు. సామాన్యుడికి కూడా కారిస్తానని హిట్లర్ ప్రకటించాడు. ఫెర్డినాండ్ పోర్షే అనే ఇంజనీరు చేత డిజైన్ చేయించాడు. 1938 మే 26న ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. కారు ధర 990 మార్కులు. అంత డబ్బు ఒక్కసారి కట్టలేనివాళ్లకి మన చీటీపాటల పుస్తకం లాంటి పుస్తకం ఒకటిచ్చారు. వారానికి 5 మార్కులు కట్టడం, స్టాంపు అంటించుకోవడం. పుస్తకం నిండితే కారు మీది!

సుమారు 3 లక్షల 36 వేలమంది ఆశగా కట్టారు. 1939లో యుద్ధం వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో సైన్యానికి వాహనాలు తయారయ్యాయి. వేలమంది యుద్ధఖైదీల చేత, చెరపట్టి తెచ్చిన కూలీల చేత అక్కడ వెట్టిచాకిరీ చేయించారు. పైసా పైసా కూడబెట్టి డబ్బు కట్టినవాళ్లలో ఒక్కరికీ కారు అందలేదు. యుద్ధం తర్వాత వాళ్లు కోర్టుకెక్కారు. 1961లో రాజీ కుదిరింది. కొత్త కారు కొంటే ధరలో 600 మార్కుల దాకా తగ్గింపు, వద్దంటే 100 మార్కుల దాకా నగదు. ఇరవై ఏళ్ల నిరీక్షణకి దక్కింది అదీ!

మరి ఇంత చెడ్డపేరుతో పుట్టిన కారు ప్రపంచానికి ముద్దుబిడ్డ ఎలా అయింది? పని చేసి అయింది. వేరే దారి లేదు కనక.

1945లో ఆ ఫ్యాక్టరీ బాంబుదెబ్బలు తిని పడివుంది. బ్రిటిష్ సైన్యంలో మేజర్ ఐవన్ హర్స్ట్ అనే ఇంజనీరు దాన్ని చూశాడు. ఒక కారుని బాగుచేయించి పై అధికారులకి చూపించాడు. తమ సైన్యం కోసం 20 వేల కార్లకి ఆర్డరు తెప్పించాడు. ఇంగ్లండు కార్ల పెద్దలు మాత్రం పెదవి విరిచారు. ఈ మొహానికి గిరాకీ ఎక్కడిదన్నారు. 1948లో హైన్‌రిచ్ నార్డాఫ్ పగ్గాలు పట్టాడు. కారు రూపం జోలికి పెద్దగా పోకుండా లోపలి నాణ్యత చూసుకున్నాడు. ఎక్కడ చెడినా బాగుచేసేవాడు దొరికేలా ఏర్పాట్లు చేశాడు. 1955 నాటికి పదిలక్షలో కారు బయటికొచ్చింది.

అమెరికాలో వీళ్ల ప్రకటన ఒకటి చాలా ప్రసిద్ధి. కారు బొమ్మ వేసి కింద "లెమన్" అని ఒక్క మాట రాశారు. అక్కడి వాడుకలో నిమ్మకాయంటే పనికిరాని సరుకు. తన కారుని తనే పనికిరానిదంటాడేమిటని జనం ఆగి చదివారు. చదివితే సంగతి తెలిసింది. లోపల ఒక పట్టీ మీద చిన్న మచ్చ వుందిట. అందుకని ఆ కారుని తమ తనిఖీ మనిషే పక్కన పెట్టేశాడుట! తప్పు దాచుకోని కంపెనీ అని పేరొచ్చింది. 1972 ఫిబ్రవరి 17న ఫోర్డ్ వారి మోడల్ టి రికార్డుని బీటిల్ దాటేసింది. 2003 జులైలో మెక్సికోలో ఆఖరి పాత బీటిల్ తయారయ్యే సరికి మొత్తం 2 కోట్ల 15 లక్షలు దాటాయి.

★ ★ ★

ఇక మన కథలోకి వద్దాం. మా గన్‌ఫౌండ్రీ నుంచి నడుచుకుంటూ వెళితే అసెంబ్లీ వచ్చేస్తుంది. 2005లో ఆ చుట్టుపక్కల ఎక్కడ విన్నా వోక్స్‌వ్యాగన్ మాటే. అప్పటి వుమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, విశాఖపట్నంలో, ఆ కంపెనీ ఫ్యాక్టరీ వస్తుందన్నారు. వేల వుద్యోగాలన్నారు. ఐటీఐ చదివిన కుర్రాళ్లు విశాఖ రైలెక్కడానికి సిద్ధంగా వున్నారు.

ప్రాజెక్టు కోసం రాష్ట్ర ప్రభుత్వం 11 కోట్ల రూపాయలు ఇచ్చింది. ఎవరికి? ఇక్కడే ఇంటర్వెల్ బ్యాంగ్! ఆ డబ్బు వెళ్లింది వోక్స్‌వ్యాగన్‌కి కాదు. "వశిష్ఠ వాహన్" అనే కంపెనీకి. ఆ కంపెనీకీ తమకీ సంబంధం లేదని జర్మనీవాళ్లు తేల్చి చెప్పేశారు. ప్రభుత్వంతో మాట్లాడినవాళ్లలో వోక్స్‌వ్యాగన్ గ్రూపులో పెద్దహోదా వెలగబెట్టిన జర్మన్ అధికారి ఒకాయన వున్నాడు. ఆయన కూడా ఆ ఏడాదే వుద్యోగం వదిలి వెళ్లిపోయాడు. ప్రతిపక్షం నానా గొడవ చేసింది. కేసు సీబీఐ చేతికి వెళ్లింది. ఫ్యాక్టరీ మాత్రం విశాఖకి రాలేదు. 2006లో వోక్స్‌వ్యాగన్ మహారాష్ట్రతో ఒప్పందం చేసుకుంది. 2009 మార్చిలో పూణె దగ్గర చాకన్‌లో ఫ్యాక్టరీ తెరిచింది. మనవాళ్లు ఎక్కాల్సిన రైలు పూణె రైలయింది!

నాకు అర్థంకానిది ఒక్కటే. ఐఏఎస్‌లున్నారు, లాయర్లున్నారు, ఫైనాన్సు శాఖ వుంది. "మనం మాట్లాడుతున్న పేరు ఒకటి, చెక్కు మీద రాస్తున్న పేరు ఇంకొకటి ఏమిటి?" అని డబ్బు వెళ్లకముందు గట్టిగా అడిగి ఆపినవాడు లేకపోయాడే! ఎందుకంటే పేరు అంత పెద్దది. పెద్ద పేరు వినబడితే చిన్న ప్రశ్న అడగడానికి మొహమాటం వేస్తుంది. 1938లో స్టాంపులు అంటించుకున్న జర్మన్ కూలీదీ అదే మొహమాటం.

★ ★ ★

పోనీ, ఆ పేరు గలవాళ్లే నిలబెట్టుకున్నారా అంటే అదీ లేదు. 2015 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం వాళ్ల గుట్టు బయటపెట్టింది. డీజిల్ కార్లలో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. పరీక్ష జరుగుతోందని కారు తనంతట తనే కనిపెట్టేస్తుంది. అప్పుడు బుద్ధిమంతుడిలా తక్కువ పొగ వదులుతుంది. రోడ్డెక్కిందా, కొన్ని రకాల విషవాయువులు పరిమితికి 40 రెట్ల దాకా!

మీకు తెలిసిన భాషలో చెప్పనా? సెన్సారు వారికి ఒక ప్రింటు, థియేటర్లో ఇంకొక ప్రింటు!

ప్రపంచం మొత్తం మీద కోటీ పది లక్షల కార్లలో ఈ బాగోతం వుందని కంపెనీయే ఒప్పుకుంది. అధిపతి మార్టిన్ వింటర్‌కార్న్ రాజీనామా చేశాడు. మన దేశంలో కూడా 3 లక్షల 23 వేల పైచిలుకు కార్లని సరిచెయ్యడానికి వెనక్కి పిలుస్తామన్నారు. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 కోట్ల జరిమానా వేస్తే కంపెనీ సుప్రీంకోర్టుకి వెళ్లింది. చిన్న మచ్చ వున్న కారుని పక్కన పెట్టామని గొప్పగా ప్రకటన వేసిన ఆ కంపెనీయే ఇది!

గుట్టు ఎలా దొరికిందో తెలుసా? వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఒక చిన్న పరిశోధక బృందం వుంది. వాళ్లు కారుని పరీక్షశాలలో మాత్రమే చూసి వదిలిపెట్టలేదు. యంత్రాలు తగిలించి రోడ్డు మీద నడిపి చూశారు. అంతే! పేరు చూసి వూరుకోలేదు. అదొక్కటే వాళ్లు చేసిన ఘనకార్యం.

★ ★ ★

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, కారణం వుంది. నాంపల్లి స్టేషన్లో సూట్‌కేసుతో దిగి, "అన్నా, కృష్ణానగర్ బస్సెక్కడ?" అని అడిగే కుర్రాళ్లని నేను తరచూ చూస్తుంటాను. వాళ్లలో ఒకడు మా పేట మెస్సులో నాతోపాటు భోంచేసేవాడు. చక్కటి కంఠం, చురుకైన మొహం. ఒకరోజు అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఏమైంది తమ్ముడూ అంటే ఫోను తీసి చూపించాడు. ఒక పెద్ద బ్యానర్ కొత్త చిత్రంలో హీరో ఫ్రెండు వేషం. "కో-ఆర్డినేటర్" ఎవడో ఇప్పిస్తానన్నాడు. హీరోలతో దిగిన ఫోటోలు చూపించాడు. "ఆర్టిస్టు కార్డు"కని ఒకసారి, "పోర్ట్‌ఫోలియో"కని ఒకసారి, "డైరెక్టర్ గారి ఖర్చుల"కని ఇంకొకసారి. మొత్తం 60 వేలు. అమ్మ గాజులు కుదువపెట్టి తెచ్చినవి. ఇప్పుడు ఆ నంబరు మోగడం లేదు.

"డబ్బు ఎవరి పేరు మీద వెళ్లింది?" అన్నాను. ఫోనులో ఏదో ఆడమనిషి పేరు.

"ఈవిడెవరు?"

"తెలీదన్నా. వాళ్ల వదినట."

వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. ప్రభుత్వం ప్రభుత్వమే 11 కోట్లు ఇచ్చుకున్న కథ మనకి తెలుసు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఒక లెక్కా? వాడు తెలివితక్కువవాడు కాదు. పెద్ద పేరు విన్నాడు, చిన్న ప్రశ్న అడగలేదు. అంతే. నేను పోలీసు స్టేషన్‌కి తోడు వెళ్లాను. కాగితం రాసిచ్చాం. డబ్బు మాత్రం ఇంకా రాలేదు.

అందుకని, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నాలుగు ముక్కలు చెవిన వేసుకోండి. వేషం వేస్తే నిర్మాత మీకు డబ్బివ్వాలి. మీరు నిర్మాతకి కాదు. ఎవరైనా బ్యానర్ పేరు చెబితే ఆ బ్యానర్ ఆఫీసుకే వెళ్లండి. ఆయన ఇచ్చిన నంబరుకి కాకుండా ఆఫీసు నంబరు మీరే సంపాదించి ఫోను చెయ్యండి. చిత్రాల టైటిల్స్ ఫిల్మ్‌చాంబర్‌లో రిజిస్టరు చేస్తారు. అసలు అలాంటి చిత్రం వుందా అని ఫిల్మ్‌నగర్‌లో అడిగితే పోయేదేమీ లేదు. అన్నిటికంటే ముఖ్యం, డబ్బు పంపేముందు తెర మీద కనబడే పేరు చదవండి. నోటితో చెప్పిన పేరూ, డబ్బు అందుకునే పేరూ వేరైతే అక్కడే ఆగిపోండి. సిగ్గుపడకండి. అడిగినవాడిని అసలు బ్యానర్ ఏమీ అనదు. కోపం తెచ్చుకునేది దొంగ ఒక్కడే.

వోక్స్‌వ్యాగన్ ఇప్పటికీ మంచి కార్లు అమ్ముతూనే వుంది. మన రోడ్ల మీద కూడా తిరుగుతున్నాయి. కొనాలనుకున్నవాళ్లు కొనండి. నాకు ఆ కంపెనీ మీద పగలేదు, ప్రేమాలేదు. నేను చెప్పేదల్లా ఇదే. పేరు నిన్నటి పనికి వచ్చిన కూలీ. ఇవాళ్టి పనికి గ్యారంటీ కాదు. అది కారుకైనా అంతే, బ్యానర్‌కైనా అంతే, హీరోకైనా అంతే.

హెర్బీ సంగతి గుర్తుందిగా? బానెట్ నిగనిగలాడుతోందని మురిసిపోకండి. వెనక్కి వెళ్లి, ఇంజను వుండాల్సిన చోట వుందో లేదో చూసుకున్నాకే జేబులో చెయ్యి పెట్టండి.

వచ్చే వారం కలుద్దాం!