మంద, దండు, బారు: అన్నీ గుంపులేనా?

మొన్న ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ వాళ్లు పెట్టిన క్విజ్‌కి మన క్లాసు నుంచి ముగ్గురం వెళ్లాం. కాకుల గుంపును ఏమంటారు అని అడగ్గానే 'మర్డర్' అని టక్కున చెప్పాను. గుడ్లగూబలకు 'పార్లమెంట్', సింహాలకు 'ప్రైడ్'. అన్నిటికీ మార్కులు పడ్డాయి. సంబరంగా తిరిగొస్తుంటే వరండాలో మన తెలుగు మేడమ్ ఎదురయ్యారు.

"బాగుంది. మరి తెలుగులో గొర్రెలు ఒకచోట చేరితే ఏమంటారు?"

"గుంపు, మేడమ్."

"కొంగలు ఆకాశంలో పోతుంటే?"

"గుంపు."

"మిడతలు?"

మళ్లీ గుంపే అన్నాను. మేడమ్ ఏమీ అనలేదు, నవ్వి వెళ్లిపోయారు. ఆ నవ్వు ఇంటిదాకా నా వెంట వచ్చింది.

మాది హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజార్లో కన్నడం. ఆ రాత్రి మా అవ్వను అవే ప్రశ్నలు అడిగాను. ఆమె బడికి పోలేదు, చిన్నప్పుడు గొర్రెలు మేపింది.

"గొర్రెలు మంద. చీమలు బారు. కొంగలు గూడా బారే, వరసగా పోతాయి గదా. కోతులు మూక. మిడతలు దండు, అవి వస్తే చేను మిగల్దు. ఈగలైతే ముసురుకుంటాయి. తేనెటీగలు తుట్టె."

"అన్నీ గుంపులే కదా అవ్వా?"

"గుంపు అంటే ఊరికే చేరేది పాపా. మందకు మేపేవాడు ఉంటాడు."

నాకు అప్పుడు ఒక సంగతి తట్టింది. ఇంగ్లీషు పట్టికలో ఒక్కో జంతువుకు ఒక్కో ముద్దుపేరు ఉంది. మన మాటలు అట్లా జంతువును బట్టి పుట్టలేదు, ఆ గుంపు ఏం చేస్తుందో దాన్ని బట్టి పుట్టాయి. వరసగా సాగితే బారు. మీద పడి నాశనం చేస్తే దండు. అల్లరి చేస్తే మూక. మనిషి తోలుకుపోతే మంద. 2020 వేసవిలో మిడతలు రాజస్థాన్ దాటి మహారాష్ట్ర దాకా వచ్చినప్పుడు తెలుగు పత్రికలు మిడతల దండు అనే రాశాయి. దండు అంటే సైన్యం. ఆ ఒక్క మాటలోనే రైతు భయం అంతా ఉంది.

మా పక్క ఈ తేడా ప్రాణం మీదికి కూడా వస్తుంది. రాగి కోతల కాలంలో తళి, జవళగిరి అడవుల నుంచి ఏనుగులు చేల మీదికి వస్తాయి. అప్పుడు ఫోన్లో మొదట అడిగేది "గుంపా, ఒంటి ఏనుగా?" అనే. దాన్ని బట్టే రాత్రి చేను దగ్గర ఉండాలా, ఇంటికి రావాలా అనేది తేల్చుకుంటారు.

ఇక ఇంగ్లీషు పట్టిక సంగతి. ఈ పేర్లు చాలావరకు 1486లో ఇంగ్లండులో అచ్చయిన 'బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' లాంటి పుస్తకాల నుంచి వచ్చినవి. వేటకు పోయే పెద్దింటివాళ్లు నేర్చుకోవాల్సిన మాటలు అవి. కొన్ని సరదాకి, వెక్కిరింపుకి కల్పించినవి కూడా ఉన్నాయి. అందులో పెద్దబాతుల గుంపు 'గ్యాగిల్', ఆడవాళ్ల గుంపు కూడా 'గ్యాగిల్'! క్రైస్తవ సన్యాసినుల గుంపుకైతే 'అక్కరకు మించి ఉన్నవాళ్లు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పుస్తకంలోని వేట భాగాన్ని జూలియానా బార్న్స్ అనే స్త్రీ రాసిందని చెబుతారు. అయినా ఆడవాళ్లకు దక్కింది బాతుల మాటే.

మనవాళ్లు మాత్రం తక్కువా? పోయిన నెల మేం పదిమందిమి బస్సెక్కితే కండక్టరు "ఆట్టు మందై" అని గొణిగాడు. తమిళం కాబట్టి మాకు తెలియదనుకున్నాడో ఏమో. మందై అన్నా మంద అన్నా ఒకటే కదా! అవ్వతో చెబితే ఆమెకు కోపం రాలేదు. "మందలో ప్రతి గొర్రెకూ గుర్తు ఉంటాది పాపా. ఒక్కటి తగ్గినా రాత్రి నిద్ర పట్టదు. ఆయనకి మంద అంటే ఏం తెలుసు" అంది. నాకు మాత్రం కోపం తగ్గలేదు. మమ్మల్ని తోలేవాడు ఒకడు ఉండాలన్న అర్థం ఆ మాటలో ఉంది.

అమరకోశం రెండో కాండలో ఒక చక్కని తేడా చూపించారు. పశువుల గుంపు సమజం, తక్కినవాళ్ల గుంపు సమాజం. మధ్యలో ఉన్నది ఒక్క దీర్ఘమే. ఆ కండక్టరుకు నేను చెప్పాల్సింది ఆ దీర్ఘం గురించే.

నా అభిప్రాయం ఇది. ఇంగ్లీషు పేర్లు నేర్చుకోవడం తప్పు కాదు, రేపు మళ్లీ క్విజ్ పెడితే నేనే వెళ్తాను. కానీ వాటిని చూసి 'కాకుల హత్య', 'గుడ్లగూబల పార్లమెంటు' అని తెలుగులో కొత్తవి పుట్టించడం వద్దు. మనకు ఉన్నవే పోతున్నాయి. మా ఊళ్లో మందలు తగ్గాయి, మా తమ్ముడు గొర్రెలను కూడా గ్రూప్ అంటున్నాడు. కదుపు, పిండు అనే పాత మాటలు నాకు నిఘంటువులోనే కనబడ్డాయి. ఆ పిండే కన్నడంలో హిండు అయింది, పాలు హాలు అయినట్టు. మనం పోగొట్టుకున్న మాటను మా పక్కింటి కన్నడం వాళ్లు రోజూ వాడుతున్నారు.

ఈ వ్యాసం కింద ఒక తెల్ల కాగితం అంటించాను. మీ ఇంట్లో అవ్వనో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి, గుంపు అనే మాట కాకుండా ఇంకేదైనా దొరికితే రాయండి. పక్కనే మీ ఊరి పేరు రాయండి. మేడమ్‌లు కూడా రాయాలి. మొదటి వరసలో మా అవ్వ మాటలు రాసేశాను, మిగతా కాగితం మీది.