పెట్టెలో వేల పుస్తకాలకు చోటు, తెలుగుకే లేదు

ప్రయాణంలో పుస్తకం లేనిదే తోచని వారికి సంచి బరువు ఎప్పుడూ ఒక బెడదే. తెనాలి ప్రాంతంలోని ఒక రిటైర్డు తెలుగు పండితులు బెంగుళూరులో ఉన్న కూతురింటికి ఏటా రెండుసార్లు వెళ్తారు. వెళ్లినప్పుడల్లా నాలుగు పుస్తకాలు సంచిలో పడవలసిందే. ఆవకాయ జాడీకీ పుస్తకాలకూ చోటు దగ్గర ఇంట్లో ప్రతిసారీ తగవే. ఈ తగవు తీర్చడానికి ఈసారి అల్లుడు ఒక కిండిల్ కొని పంపించారు. బడిపిల్లల పలక కంటే చిన్నది. బరువు సుమారు 200 గ్రాములు. అందులో వేల పుస్తకాలు పడతాయి.

మాస్టారు మొదట దాన్ని సెల్‌ఫోనుకు తమ్ముడనుకున్నారు. అది పొరపాటు. అమెజాన్ కంపెనీ 2007లో అమెరికాలో అమ్మకానికి పెట్టిన ఈ పరికరం తెరలో కంటికి ఆనని బుడగలుంటాయి. వాటిలో నల్లని, తెల్లని రేణువులుంటాయి. కరెంటు తగిలి నల్లవి పైకి వచ్చిన చోట అక్షరం, తెల్లవి వచ్చిన చోట కాగితం. లైటు వేసుకోకుండా చదివితే పేజీ మారేటప్పుడు తప్ప తెరకు కరెంటు పెద్దగా అక్కరలేదు. కనుక ఒకసారి ఛార్జి పెడితే వారాల తరబడి వస్తుంది. ఎండలో చదివినా కాగితం లాగే కనిపిస్తుంది.

గుంటూరులో రైలెక్కాక ఒక ఇంగ్లీషు నవల తెరిచారు. అక్షరాలు కావలసినంత పెద్దవి చేసుకోవచ్చునని తెలిశాక పెద్దాయనకు ప్రాణం లేచివచ్చింది. గొడవంతా తెలుగు పుస్తకం దగ్గర వచ్చింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. అల్లుడు వాటిలో కొన్ని ఎక్కించి ఇచ్చారు. కాని అవి పేజీలకు తీసిన ఫోటోలు. ఆరంగుళాల తెర మీద అక్షరం చీమ తలకాయంత కనిపిస్తుంది. పెద్దది చేస్తే వాక్యం తోక తెర దాటిపోతుంది. ప్రతి వరుసకూ వేలితో అటూ ఇటూ లాక్కోవాలి. నంద్యాల రాకముందే మాస్టారు విసిగి, ఎందుకైనా మంచిదని సంచి అడుగున దాచిన అచ్చు పుస్తకం బయటికి తీశారు.

2016 డిసెంబరులో ఇదే కంపెనీ అయిదు భారతీయ భాషల పుస్తకాలను కిండిల్‌లోకి తెచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ వరుసలో తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల పైచిలుకు, మలయాళం వారు మూడున్నర కోట్ల లోపు. మరి మనమెందుకు వెనకబడ్డాం? నింద కంపెనీ ఒక్కదాని మీదే వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. అరువు పుస్తకం తప్ప కొని చదవని ఇళ్లు మన వైపు ఎన్ని లేవు?

ఆ అరువు సంగతికే వస్తే, అచ్చు పుస్తకం పక్కింటికి వెళ్తుంది, ఊరంతా తిరుగుతుంది, అట్ట ఊడినా తిరిగి వస్తుంది. తెర పుస్తకం అలా చేతులు మారదు. డబ్బిచ్చి కొన్నా పూర్తిగా మనది కాదు కూడా. అమ్మినవారికి హక్కు లేదని తేలడంతో 2009 జూలైలో అమెజాన్ వారు ఆర్వెల్ రచనలు రెండు కొన్నవారి పరికరాల్లోంచే చెరిపేశారు. డబ్బు తిరిగి ఇచ్చారు, క్షమాపణా చెప్పారు. అయినా మన బీరువాలో పుస్తకం మనకు చెప్పకుండా ఎవరైనా తీసుకుపోతే ఊరుకుంటామా?

ప్రయాణికుడి చేతికి పుస్తకం అందించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాల్వలో పడవ మీదనే గ్రంథాలయం నడిపించారు. గ్రంథాలయాల కోసమని ఆస్తి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు ఉన్నది. ఆ డబ్బులో కొంత పెట్టి పాత తెలుగు పుస్తకాలను ఫోటోలుగా కాక అక్షరాలుగా ఎక్కించే పని మొదలుపెడితే, శాఖా గ్రంథాలయానికి రెండేసి పరికరాలు ఇచ్చి ఊరు వెళ్లేవారికి అరువిస్తే, చూపు తగ్గిన పెద్దలు ముందుగా సంతోషిస్తారు. పుస్తకాల షాపులకూ నష్టం రాదు. తెర మీద నచ్చింది ఇంట్లో ఉంచుకోవాలనిపించడం చదివేవారి గుణం.

మాస్టారి కిండిల్ ప్రస్తుతం బెంగుళూరులో మనవరాలి దగ్గర ఉంది. తెలుగు పెద్ద అక్షరాల్లో వచ్చిన రోజున పంపించమని చెప్పి వచ్చారు. తిరుగు ప్రయాణంలో ఆవకాయ జాడీ ఖాళీ అయినందువల్ల సంచిలో మరో రెండు పుస్తకాలు పట్టాయి.