ఫోల్డరు పేరు పాఠకుడికిచ్చిన మాట

జాలస్థలి నెలకొల్పేటప్పుడు రంగులు, అక్షరాకృతుల మీద చూపే శ్రద్ధలో పదోవంతైనా సర్వరులో ఫైళ్ల అమరిక మీద మనం చూపడం లేదు. అది సాంకేతికుల పని అనుకుంటాం. నా దృష్టిలో అది గ్రంథ పరిష్కర్త పని.

స్థిర పుటలతో కట్టిన జాలస్థలిలో ఫోల్డరు పేరే చిరునామాలో భాగమవుతుంది. పాఠకుడు ఆ చిరునామాను దాచుకొంటాడు, మరొకరికి పంపుతాడు. ఆ పేరు మార్చడమంటే ఇచ్చిన మాట తప్పడమే. కనుక ‘కొత్తవి’, ‘ఇతరములు’ వంటి పేర్లు పనికిరావు. నేటి కొత్తది రేపటికి పాతదే.

తాళపత్రాలకు లేఖకులు ఆకాకుకూ సంఖ్య వేసేవారు. దారం తెగినా గ్రంథం చెదరకుండా ఆ సంఖ్యే కాపాడేది. శతకాన్ని ఎక్కించేవారు కూడా 1, 2 అని కాక 001, 002 అని మొదలుపెట్టాలి. లేకుంటే చాలా సర్వర్ల పట్టికల్లో పదో పద్యం రెండోదానికి ముందు కూర్చుంటుంది.

తెలుగు పండితుణ్ణయినా, ఫైలు పేర్లకు రోమను చిన్నక్షరాలే మేలంటాను. ‘తెలుగు’ అన్న మూడక్షరాలు యూటీఎఫ్-8లో 18 బైట్లు; చిరునామాను నకలు చేస్తే తరచుగా 54 గుర్తుల గజిబిజిగా దిగుతుంది. భాషాభిమానం పుటలోపల ఉంటే చాలు. చిన్నక్షరాలే ఎందుకంటే, లినక్సు సర్వరుకు పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. విండోసులో తెరుచుకొన్న లంకె అక్కడ 404 చూపవచ్చు.

ఒక్కో జాలస్థలికి ఒక్కో ఫోల్డరు ఉండాలి. చిత్తుప్రతులు బహిరంగ ఫోల్డరుకు వెలుపల ఉండాలి. దాని లోపలిదంతా వీధి అరుగు మీద పెట్టినట్టే.

ఇదంతా చాదస్తమా? మా రుద్రూరుకు సమీపాన బోధనులో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. దాని ఛాయాచిత్రాలను, కార్మికుల జ్ఞాపకాలను ఎవరైనా జాలంలో నిలిపితే సంవత్సరం, విషయం వారీగా అమర్చాలి. కెమెరా ఇచ్చిన అంకెల పేర్లతో కుప్పపోస్తే అవి ఉన్నా లేనట్టే.

ఉచిత వసతి శాశ్వతం కాదు. జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడినప్పుడు అసంఖ్యాకమైన సొంత పుటలు చిరునామా కోల్పోయాయి. అదే క్రమంలో ఇంట్లో ఒక ప్రతి ఉంచుకొని, పుటల మధ్య లంకెలను సాపేక్షంగా ఇచ్చుకొన్నవారికి మరోచోట గూడు కట్టుకోవడం ఒక పూట పని. క్రమం లేనివారు ఉన్నదేదో, పోయిందేదో కూడా తెలుసుకోలేరు.

రచన మనది, సర్వరు పరులది. అమరిక మాత్రం మన చేతిలోనే ఉంది.