పదివేల లోపు డిజిక్యామ్ కొంటున్నారా? ముందు లెన్స్ చుట్టూ ఏం రాసుందో చదవండి

మొన్న హాలియా పోయినప్పుడు మా చిన్నాయన కొడుకు ఫోన్ నా చేతిలో పెట్టి, "అన్నా, గిది ఆర్డర్ పెడుతున్న, ఒక్కసారి చూడు" అన్నాడు. ఒక షాపింగ్ యాప్‌లో కెమెరా. 4కె వీడియో, 48 మెగాపిక్సెల్, 16ఎక్స్ జూమ్, ధర ఐదు వేల చిల్లర. వాడి దగ్గర ఉన్నవి ఎనిమిదిన్నర వేలు. వడ్ల సీజన్‌లో ఐకేపీ సెంటర్‌లో బస్తాలు ఎత్తి దాచుకున్న పైసలు. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఫొటోలు తియ్యాలి, బతుకమ్మ నాడు ఇంట్లోవాళ్లవి తియ్యాలి, ఇన్‌స్టాలో పెట్టాలి. అంతే ప్లాన్.

వద్దన్నా. మొహం మాడ్చుకున్నాడు. "48 మెగాపిక్సెల్ అన్నా, కెనాన్‌ల కూడా 20యే ఉంది" అన్నాడు. ఈ మాటకు మా లాంటి రివ్యూలు రాసేవాళ్లం కూడా కొంత సిగ్గుపడాలి. ఏళ్ల తరబడి ఫోన్ రివ్యూల్లో మెగాపిక్సెల్‌నే హెడ్డింగ్‌లో పెట్టింది మేమే కదా.

అసలు సంగతి ఏంటంటే, ఇలాంటి పేరులేని కెమెరాల్లో చాలావరకు లోపల ఉండేది చిన్న సెన్సార్, కదలని లెన్స్. తీసిన చిన్న ఫొటోనే సాఫ్ట్‌వేర్ సాగదీసి 48 మెగాపిక్సెల్ ఫైల్‌గా సేవ్ చేస్తుంది. 16ఎక్స్ అన్నది కూడా డిజిటల్ జూమే, అంటే ఫొటోను కత్తిరించి పెద్దది చెయ్యడం. ఆ పని మీ ఫోన్‌లో రెండు వేళ్లతో ఫ్రీగా అవుతుంది.

కనిపెట్టడం కష్టమేం కాదు. ప్రొడక్ట్ ఫొటో జూమ్ చేసి లెన్స్ చుట్టూ ఉన్న అంకెలు చదవండి. కెనాన్ ఇక్సస్ 185 మీద 5.0-40.0 ఎంఎం, 1:3.2-6.9 అని ఉంటుంది. మధ్యలో ఆ గీత ఉందంటే లెన్స్ నిజంగా ముందుకూ వెనక్కూ కదులుతుంది. 40ని 5తో భాగిస్తే 8, అంటే 8ఎక్స్ ఆప్టికల్ జూమ్. ఎంఎం దగ్గర ఒకే అంకె ఉండి, పక్కన బాక్స్ మీద 16ఎక్స్ అని రాసుంటే అక్కడే ఆగిపోండి.

సరే, మంచి కంపెనీ కాంపాక్ట్ కొంటే ఫోన్ కంటే బాగుంటుందా? ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. బడ్జెట్ కాంపాక్ట్‌లలో మామూలుగా ఉండేది 1/2.3 అంగుళాల సెన్సార్, వైశాల్యం దాదాపు 28 చదరపు మిల్లీమీటర్లు. ఇప్పుడొచ్చే ఇరవై వేల ఫోన్లలో చాలావాటి మెయిన్ సెన్సార్ ఇంతకంటే చిన్నదేం కాదు, కొన్నింటిలో పెద్దదే. పైగా ఫోన్ నాలుగైదు ఫ్రేములు కలిపి ఒక ఫొటో చేస్తుంది. వీడియో సంగతి చెప్పనే అక్కర్లేదు, ఇక్సస్ 185లో 720పియే. కాబట్టి "క్వాలిటీ" కోసం అయితే కొనకండి. క్వాలిటీ కావాలంటే సోనీ ఆర్ఎక్స్100 లాంటి ఒక అంగుళం సెన్సార్ దాకా పోవాలి. అందులో వైశాల్యం 116 చదరపు మిల్లీమీటర్లు, నాలుగు రెట్లు. 2012లో వచ్చిన మొదటి మోడల్ పాతదైనా పదివేలలో దొరకడం కష్టమే.

మరి ఎందుకు కొనాలి? రెండే రెండు కారణాలు.

ఒకటి, నిజమైన జూమ్. సాగర్ డ్యామ్ మీద 26 గేట్లు. దూరంగా నిలబడి ఒక్క గేటు దగ్గర నీళ్లు దూకేది పట్టాలంటే బడ్జెట్ ఫోన్ నీళ్లను తెల్ల పేస్ట్ చేసేస్తుంది. 8ఎక్స్ లెన్స్ ఎండలో అయితే పట్టేస్తుంది. ఎండలో అని ఎందుకన్నానంటే ఫుల్ జూమ్‌లో ఎపర్చర్ 6.9కి పడిపోతుంది, మబ్బు పట్టిందా, ఫొటో అదిరిపోతుంది.

రెండోది ఫ్లాష్. ఫోన్‌లో ఉన్నది ఎల్ఈడీ, కాసేపు వెలిగే చిన్న లైటు. కాంపాక్ట్‌లో జీనాన్ ఫ్లాష్ కన్ను మూసి తెరిచేలోపు వెలిగి ఆరిపోతుంది. రాత్రి బతుకమ్మ చుట్టూ తిరుగుతున్న చేతులు కూడా అలా నిలిచిపోతాయి. ఇన్‌స్టాలో అందరూ "సీసీడీ లుక్" అని మురిసిపోతున్నది సగం ఈ ఫ్లాష్ లుక్కే. సీసీడీలో మంత్రమేం లేదు. దాని పేరు చెప్పి రెండింతల రేటు అడిగేవాళ్లను నమ్మకండి.

రేట్లు పెరగడానికి కారణం ఉంది. 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు షిప్ అయ్యాయి, ఎక్కువ శాతం కాంపాక్ట్‌లే. తర్వాత ఫోన్లు ఆ మార్కెట్‌ను మింగేశాయి, కంపెనీలు చౌక మోడళ్లు ఆపేశాయి. ఇప్పుడు మళ్లీ క్రేజ్. ఎంత క్రేజ్ అంటే, 2016 నాటి ఇక్సస్ 285నే కెనాన్ 2025లో కొద్ది మార్పులతో మళ్లీ దించింది. అమెరికాలో అప్పుడు 210 డాలర్లున్నది ఇప్పుడు 380. మార్పుల్లో ఒకటి, ఎస్డీ కార్డ్ స్లాట్ తీసేసి మైక్రో ఎస్డీ పెట్టడం!

అందుకే నా ఓటు సెకండ్ హ్యాండ్‌కే, అదీ చేత్తో పట్టుకుని చూసి. ఆన్‌లైన్‌లో "వర్కింగ్ కండిషన్" అన్న మాట నాకు నమ్మకం లేదు. ఆదివారం వాడిని తీసుకుని కోఠి గుజరాతీ గల్లీకి పోయాం. 16 జీబీ కార్డ్ ఇంటి నుంచే పట్టుకుపోయాం, ఎందుకంటే బాగా పాత కెమెరాలు 32 జీబీ దాటితే చదవవు. మెమరీ స్టిక్, ఎక్స్‌డీ కార్డ్ అడిగే మోడళ్ల జోలికే పోలేదు. ఆ కార్డుల కోసం ఎక్కడ తిరుగుతాం?

మొదటి కెమెరా పైకి తళతళలాడుతోంది. ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్... ఏడోసారికి లెన్స్ సగంలో ఇరుక్కుపోయింది. ఇసుకో దుమ్మో పోతే వచ్చే జబ్బు ఇది, రిపేర్ ఖర్చు కెమెరా అంత అవుతుంది. రెండోది బాగానే తెరుచుకుంది కానీ ఫుల్ జూమ్‌లో ఆకాశాన్ని ఫొటో తీస్తే మూలన నల్ల మచ్చ. మూడోది ఇక్సస్ 185. పది సార్లు తెరిచాం, మూశాం. ఫ్లాష్ వరుసగా ఐదు సార్లు వెలిగింది. బ్యాటరీ టేబుల్ మీద పెట్టి వేలితో తిప్పితే బొంగరంలా తిరిగింది, అంటే ఉబ్బింది. దాన్ని చూపించే బేరమాడాం, నాలుగు వేల ఎనిమిది వందలకు ఇచ్చాడు. కొత్త బ్యాటరీ, టైప్-సీ కార్డ్ రీడర్ కలిపినా వాడి జేబులో ఇంకా రెండు వేల పైనే మిగిలాయి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ బయటికి చెయ్యి పెట్టి షురూ చేశాడు. రిస్ట్ స్ట్రాప్ వేసుకోరా అని తిట్టాల్సి వచ్చింది. మాల్ దాటకముందే 140 ఫొటోలు, బ్యాటరీ గుర్తు ఎర్రగా. ఒక్క చార్జింగ్‌కు రెండు వందల ఫొటోలు వస్తే గొప్ప. "అన్నా, గేట్లు ఎత్తేలోపు ఇంకో బ్యాటరీ కొనాలె" అన్నాడు. ఆ మిగిలిన రెండు వేలల్లో మొదటి ఖర్చు అదే.